గని పక్క ఊరికి డీఎంఎఫ్‌టీ నిధులు: అర్జీ రాయడానికి సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి

బొగ్గు గని కావచ్చు, సున్నపురాయి క్వారీ కావచ్చు, గ్రానైట్ కొండ కావచ్చు. దాన్ని తవ్వుకునేవాళ్లు ప్రభుత్వానికి రాయల్టీ కట్టడంతో పాటు ఇంకొంత సొమ్ము జిల్లాలోని ఒక ట్రస్టుకు కట్టాలి. దాని పేరు జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. ఆఫీసుల్లో డీఎంఎఫ్‌టీ అంటారు, కొన్నిచోట్ల డీఎంఎఫ్ అని ఊరుకుంటారు. 2015లో గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టాన్ని సవరించి 9బి సెక్షన్ చేర్చినప్పుడు ఈ ఏర్పాటు వచ్చింది. గని వల్ల దెబ్బతిన్న మనుషులకూ ప్రాంతాలకూ మేలు చేయడమే ట్రస్టు పని అని ఆ సెక్షన్లోనే రాసి ఉంది.

2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ట్రస్టుకు రావాలి. గ్రానైట్, కంకర లాంటి చిన్న తరహా ఖనిజాలకు రేటు రాష్ట్రం నిర్ణయిస్తుంది. సింగరేణి ఓపెన్‌కాస్టు బొగ్గు గనులున్న కొత్తగూడెం, పెద్దపల్లి, మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాల్లో, సిమెంటు కోసం సున్నపురాయి తవ్వే సూర్యాపేట, పల్నాడు, కడప, నంద్యాల వైపు, చీమకుర్తి గ్రానైట్, మంగంపేట ముగ్గురాయి గనులున్న చోట ఇది చిన్న మొత్తం కాదు.

అయినా దుమ్ము తినే ఊళ్లలో చాలామందికి ఇలాంటి నిధి ఒకటుందనే తెలియదు. తెలిసినవాళ్లు ఇచ్చే అర్జీ చాలాసార్లు "మా ఊరిని ఆదుకోవాలని ప్రార్థన" దగ్గర ఆగిపోతుంది. ఆ ఒక్క వాక్యం మీద ఎవరూ డబ్బు మంజూరు చేయలేరు. పని ఏమిటి, ఎక్కడ, ఎంత ఖర్చు, ఎవరు చేస్తారు, ఊరు ఒప్పుకుందా అన్నవి కాగితం మీద కనిపించాలి. అవన్నీ రాయడానికి కన్సల్టెంటు అక్కర్లేదన్నది నా అభిప్రాయం. కావలసిన సాయం జిల్లాలోనే, జీతం తీసుకుంటున్న ఉద్యోగుల దగ్గరా ఉచిత న్యాయసేవల దగ్గరా ఉంది. దాన్ని ఒక వరుసలో అడగాలి. వరుస తప్పితే ప్రతి ఆఫీసూ ఇంకో ఆఫీసు పేరు చెప్పి పంపిస్తుంది.

మొదటి పని: మీ ఊరు లిస్టులో ఉందో లేదో తేల్చుకోండి

కేంద్ర గనుల శాఖ 2024 జనవరిలో సవరించిన ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల లోపు ఉన్నవి నేరుగా ప్రభావితమైన ప్రాంతాలు, 25 కిలోమీటర్ల లోపు ఉన్నవి పరోక్షంగా ప్రభావితమైనవి. నిధుల్లో కనీసం 70 శాతం నేరుగా ప్రభావితమైన ప్రాంతాల్లోనే ఖర్చు పెట్టాలి. తాగునీరు, కాలుష్య నియంత్రణ, వైద్యం, చదువు, పారిశుద్ధ్యం, మహిళలు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల సంక్షేమం, నైపుణ్య శిక్షణ వంటి అధిక ప్రాధాన్య రంగాలకు కూడా కనీసం 70 శాతం వెళ్లాలి. 2015 నాటి నిబంధనల్లో ఇది 60 శాతం ఉండేది. రోడ్లు, వంతెనలు, సాగునీరు మిగతా వాటాలోంచి రావాలి. కాబట్టి గనికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ ఊరి మంచినీటి ట్యాంకు, జిల్లా కేంద్రంలో వేసే రోడ్డు కంటే ముందు వరుసలో ఉండాలి. ఈ రెండు 70 శాతాలనూ గుర్తుపెట్టుకోండి, అర్జీలో పనికొస్తాయి.

ప్రభావిత గ్రామాల జాబితా ట్రస్టు దగ్గర ఉంటుంది. జనం ఏడీ మైన్స్ ఆఫీసని పిలిచే జిల్లా గనులు, భూగర్భ శాఖ కార్యాలయంలో, లేదా కలెక్టరేట్‌లో డీఎంఎఫ్‌టీ చూసే సెక్షన్లో అడగండి. సభ్యుల వివరాలు, ప్రభావిత గ్రామాలు, వచ్చిన సొమ్ము, మీటింగుల మినిట్స్, వార్షిక ప్రణాళిక, జరుగుతున్న పనులు, ఇవన్నీ ట్రస్టు తన వెబ్‌సైట్లో పెట్టాలన్నది నిబంధన. కొన్ని జిల్లాల్లో పెడతారు, కొన్నిచోట్ల నాలుగేళ్ల కిందటి ఫైలే ఉంటుంది. సైట్లో దొరికితే ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ జిల్లాల విభజనతో ఒక చిక్కు ఉంది. తెలంగాణలో 2016లో, ఏపీలో 2022లో జిల్లాలు మారాయి. పాత రికార్డుల్లో మీ ఊరు పాత జిల్లా కింద ఉండొచ్చు. గని ఒక జిల్లాలో, దుమ్ము పడే ఊరు పక్క జిల్లాలో ఉండటం కూడా మామూలే. అలాంటప్పుడు గని ఉన్న జిల్లా ట్రస్టు నుంచి కొంత వాటా పక్క జిల్లా ట్రస్టుకు బదిలీ చేయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎంత శాతమన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. "మీరు మా జిల్లా కాదు కదా" అని పంపేస్తే ఈ నిబంధన గుర్తుచేసి, రెండు జిల్లాల కలెక్టర్లకూ ఒకే అర్జీ ఇవ్వండి.

రెండో పని: సమాచార హక్కు దరఖాస్తు

జాబితా ఇస్తారా ఇవ్వరా అని తిరుగుతూ కూర్చోకుండా, మొదటి వారంలోనే ఒక ఆర్టీఐ పెట్టేయడం మంచిది. పోట్లాటకు దిగినట్టు ఉంటుందని కొందరు జంకుతారు. దానికేం టెన్షన్ పడనక్కర్లేదు, ఆఫీసుల్లో రోజూ వచ్చే కాగితమే అది. జిల్లా స్థాయి కార్యాలయానికి పది రూపాయల ఫీజు, మండల స్థాయికి ఐదు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఎక్కడా కట్టనక్కర్లేదు, రుజువు జత చేస్తే చాలు. తెలుగులోనే రాయొచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్నలు పొడుగ్గా ఉంటే జవాబు తప్పించుకోవడం సులువు. ఇలా అడగండి:

1. జిల్లాలో నేరుగా ప్రభావితమైన గ్రామాల జాబితా, దాన్ని ఆమోదించిన సమావేశం తేదీ.
2. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా మండలంలోని గనుల నుంచి ట్రస్టుకు జమ అయిన మొత్తం, గని వారీగా.
3. అదే కాలంలో మా మండలంలో మంజూరైన పనుల జాబితా: పని పేరు, మొత్తం, చేసిన శాఖ, ప్రస్తుత స్థితి.
4. ఈ ఏడాది వార్షిక ప్రణాళిక, ఐదేళ్ల ప్రణాళిక ప్రతులు.
5. గ్రామాల నుంచి వచ్చే ప్రతిపాదనలకు నిర్ణయించిన నమూనా ఏదైనా ఉంటే దాని ప్రతి, రాష్ట్రంలో ఇప్పుడు అమల్లో ఉన్న డీఎంఎఫ్ నిబంధనల ప్రతి.

పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు, కానీ అది చాలా నిదానం. జవాబు కోసం చూస్తూ మిగతా పనులు ఆపకండి.

రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ వచ్చిన జవాబులు పక్కపక్కన పెడితే మీ వాదన సగం తయారైనట్టే. మండలం నుంచి వెళ్లినదెంత, మండలానికి తిరిగొచ్చినదెంత అన్న తేడాను అధికారులే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది.

మూడో పని: గ్రామసభ తీర్మానం

మొత్తం వ్యవహారంలో బలమైన కాగితం ఇదే. చాలా ఊళ్లు తేలిగ్గా తీసుకునేదీ దీన్నే. సర్పంచ్ లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాయించుకుని అదే తీర్మానం అనుకుంటారు. అది సర్పంచ్ గారి సిఫారసు మాత్రమే. గ్రామసభ తీర్మానం అంటే సభ జరిగి, హాజరు సంతకాలు పడి, పంచాయతీ కార్యదర్శి రిజిస్టరులో రాసి, నంబరు వేసిన తీర్మానం.

ఏజెన్సీ ప్రాంతాల్లో దీని బరువు ఇంకా ఎక్కువ. ఐదో షెడ్యూలు ప్రాంతంలోని గని ప్రభావిత గ్రామాల్లో ఈ నిధితో చేపట్టే ప్రతి ప్రణాళికకూ ప్రతి పనికీ గ్రామసభ ఆమోదం ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏం చేశారో గ్రామసభకు నివేదిక ఇవ్వాలి. ఇక్కడ గ్రామసభ అంటే, షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం చెప్పిన గ్రామసభ. భద్రాద్రి, ఆసిఫాబాద్ వైపు గూడేల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరున్నా మాట నెగ్గుతుంది. అక్కడ ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు కూడా మీకు సాయం చేయాల్సిన చోటే. గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగం దానికి అందుబాటులో ఉంటుంది, పక్కా ఎస్టిమేటు వాళ్లతోనే వేయించుకోవచ్చు.

మైదాన ప్రాంతాల్లోనూ తీర్మానం లేకుండా వెళ్లకండి. ప్రభావిత కుటుంబాలను వీలైనంతవరకు గ్రామసభతో, స్థానిక ప్రతినిధులతో సంప్రదించే గుర్తించాలని మార్గదర్శకాల్లో ఉంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, అది ఎలాగూ జరగాల్సిన సభ. అజెండాలో మీ అంశం చేర్చమని కార్యదర్శికి రాతపూర్వకంగా వారం ముందే ఇవ్వండి.

సభకు ముందు ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకోవాలి. ఎన్ని ఇళ్లకు పగుళ్లు వచ్చాయి, ఎన్ని బోర్లు ఎండాయి, ఎవరికి దగ్గు, ఆయాసం ఉన్నాయి, ఎవరి పొలం మీద దుమ్ము పడి పైరు పాడైంది. ఇందుకు మహిళా సంఘాల గ్రామ సమాఖ్యను మించిన సాయం ఊళ్లో దొరకదు. రిజిస్టర్లు రాయడం వాళ్లకు చేతనవును, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుసు, పార్టీల గొడవ వాళ్ల దగ్గర కాస్త తక్కువ. సమాఖ్య పుస్తకాలు రాసే వీఓఏ అక్కను అడగండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ జబ్బుల వివరాలకు తోడుంటారు, అయితే రోగుల పేర్లు అర్జీలో పెట్టకండి, సంఖ్య చాలు.

ఇక ఏ పని అడగాలన్న దగ్గర ఊళ్లో గొడవ మొదలవుతుంది. ఒకరు కమ్యూనిటీ హాలంటారు, ఒకరు గుడికి ప్రహరీ అంటారు, ఇంకొకరు సీసీ రోడ్డంటారు. డీఎంఎఫ్ డబ్బు దేశమంతటా సిమెంటు పనులకే పోతోందన్న విమర్శ పాతదే. కట్టడం ఏదైనా బిల్లు అవుతుంది కాబట్టి కాంట్రాక్టర్లకూ అదే ఇష్టం. నా సలహా ఏమిటంటే, గని వల్ల మీరు పోగొట్టుకున్నదాన్నే అడగండి. బోర్లు ఎండితే పైపులైను, నీళ్లు పాడైతే శుద్ధి కేంద్రం, దుమ్ము అయితే ఊరి వైపు చెట్ల వరుస, ఊపిరితిత్తుల జబ్బులైతే పరీక్షల సౌకర్యం. నష్టానికీ పనికీ మధ్య లింకు కనిపిస్తే అర్జీని తోసిపుచ్చడం కష్టం. ఒక తీర్మానంలో రెండు మూడు పనులకు మించి పెట్టకండి, వరుస క్రమం కూడా సభలోనే తేల్చండి.

తీర్మానం మాటలు ఇలా ఉండొచ్చు:

"........ గ్రామ పంచాయతీ పరిధిలో ........ తేదీన జరిగిన గ్రామసభలో, మా గ్రామానికి ...... కిలోమీటర్ల దూరంలో ఉన్న ........ గని వల్ల తాగునీటి బోర్లు ...... ఎండిపోయినట్టు, ...... ఇళ్లకు పగుళ్లు వచ్చినట్టు ఇంటింటి సర్వేలో తేలింది. గ్రామం నేరుగా ప్రభావిత ప్రాంతంలో ఉన్నందున జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు అధిక ప్రాధాన్య రంగాల నిధుల నుంచి, ఒకటో ప్రాధాన్యంగా ........ పని, రెండో ప్రాధాన్యంగా ........ పని మంజూరు చేయాలని, ఎస్టిమేటు తయారుచేయవలసిందిగా ........ శాఖను కోరుతూ సభ తీర్మానించింది."

చివరి మాట మర్చిపోవద్దు. ఎస్టిమేటు వేయమని సభే కోరితే తర్వాతి మెట్టు తేలికవుతుంది.

నాలుగో పని: ఎస్టిమేటు

దీనికి బయట ఇంజనీరును పెట్టి డబ్బు ఖర్చు చేసేవాళ్లున్నారు. అది వృథా. ప్రభుత్వ పనికి ప్రభుత్వ ఇంజనీరు వేసిన ఎస్టిమేటే చెల్లుతుంది, ఎందుకంటే ఆ రేట్లు ఆ ఏటి ఎస్ఎస్ఆర్, అంటే ప్రభుత్వ ధరల పట్టిక, ప్రకారం ఉండాలి, సాంకేతిక మంజూరు ఇచ్చేది వాళ్ల పై అధికారే. రోడ్లు, భవనాలు, డ్రైనేజీ అయితే మండల పంచాయతీరాజ్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. తాగునీరైతే ఏపీలో గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ, తెలంగాణలో మిషన్ భగీరథ ఏఈ. ఏపీలో గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటు మొదటి కొలతలు తీసి పెట్టగలరు. చెట్ల పెంపకానికి అటవీ శాఖ, ఆస్పత్రికి వైద్య శాఖ ఇంజనీర్లు ఉంటారు.

ఏఈ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తే "పైనుంచి చెబితే వేస్తాం" అంటారు. తప్పుపట్టలేం, ఒక్కో ఏఈ చేతిలో బోలెడన్ని గ్రామాలుంటాయి. తీర్మానం కాపీ, పని చేయాల్సిన స్థలం ఫొటోలు, స్థలం ఎవరిదో చెప్పే కాగితం తీసుకెళ్లి, "సార్, స్థలం పంచాయతీదే, ఇదిగో తీర్మానం, మీరు కొలతలకు ఎప్పుడొస్తారో చెబితే మేం దగ్గరుంటాం" అంటే మాట వేరుగా ఉంటుంది. ఎంపీడీఓ గారి చేత ఏఈకి ఒక లెటరు రాయించుకుంటే ఇంకా మంచిది.

ఇక్కడ వచ్చే అభ్యంతరం ఒకటుంది: "మీ ఊరికి భగీరథ నీళ్లు ఇచ్చాం కదా, మళ్లీ డీఎంఎఫ్‌లో ఎందుకు?" దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. రోజుకు ఎంతసేపు నీళ్లొస్తున్నాయి, ఏ వీధులకు రావడం లేదు, వేసవిలో ఎన్ని రోజులు ట్యాంకర్ తెప్పించారు, పంచాయతీ దానికి ఎంత కట్టింది. బిల్లులు పంచాయతీ లెక్కల్లో ఉంటాయి.

ఐదో పని: రుజువులు, వాటిని ఇచ్చే ఆఫీసులు

ప్రయోగశాల రిపోర్టులంటే లక్షల ఖర్చని భయపడనక్కర్లేదు. తాగునీటి పరీక్షకు గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ల్యాబులున్నాయి, నమూనా పంపించమని ఏఈనే కోరండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు లేనిచోట 1.5 వరకు పర్వాలేదని భారత ప్రమాణం. రిపోర్టులో అంతకంటే ఎక్కువుంటే ఆ అంకెను అర్జీ మొదటి పేజీలోనే రాయండి.

దుమ్ముకు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉంది. పీఎం10, అంటే ఊపిరితో లోపలికి పోయే సన్న ధూళి, 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. కొలత తీయమని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు వచ్చే రోజు క్వారీలో పని నెమ్మదిస్తుందని ఊళ్లో అందరూ అనుకునే మాటే. అందుకే దీని మీద మాత్రమే ఆధారపడొద్దు.

ఇంతకంటే విలువైనది గని పర్యావరణ అనుమతి లేఖ, అంటే ఈసీ. నీళ్లు చల్లాలి, ఇన్ని హెక్టార్లలో చెట్లు పెంచాలి, పేలుళ్లు ఈ వేళల్లోనే జరపాలి అని షరతులన్నీ అందులో ఉంటాయి. ఆ అనుమతి వచ్చినప్పుడు కాపీని స్థానిక సంస్థలకు ఇవ్వాలి కాబట్టి అది మీ పంచాయతీ బీరువాలోనే ఉండొచ్చు. లేకపోతే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో వెతకండి. షరతులు పాటిస్తున్నామని గని యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదికలివ్వాలి, అవి బహిరంగ పత్రాలే. కంపెనీ తన డబ్బుతో చేయాల్సిన పనిని మీరు డీఎంఎఫ్‌లో అడగకుండా చూసుకోవడానికి కూడా ఈ లేఖ అవసరం. గని రోడ్డు మీద నీళ్లు చల్లడం కంపెనీ బాధ్యత, దానికి ట్రస్టు సొమ్ము అడిగితే కంపెనీకి మీరే సాయం చేసినట్టు.

పేలుళ్ల అదురుకు ఇళ్లు బీటలువారుతుంటే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు రాయాలి, అది కేంద్రం కింద పనిచేస్తుంది. తేదీ, సమయం రాసిన డైరీ, పగుళ్ల ఫొటోలు కావాలి. క్వారీ కూలీల్లో సిలికోసిస్, అంటే రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అనుమానం ఉంటే అది చట్టప్రకారం తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన జబ్బు. ఊపిరితిత్తుల జబ్బు కదా అని టీబీ మందులతోనే ఏళ్లు గడిపేసేవాళ్లుంటారు, పీహెచ్‌సీ డాక్టరును ఎక్స్‌రే రాయమని అడగండి.

అర్జీ రాసిపెట్టే మనుషులు

ఊళ్లో ఎవరికీ రాత రాదనుకుంటే మొదట వెళ్లాల్సింది జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. ఫోన్ నంబరు 15100. కోర్టు కేసుంటేనే వెళ్లాలనుకుంటారు, అలా కాదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. వాళ్ల పారా లీగల్ వలంటీర్లు అర్జీలు, ఆర్టీఐలు, అప్పీళ్లు రాయడంలో తోడుంటారు. ఊరి తరఫున వెళ్లేటప్పుడు ఎస్సీ కాలనీ నుంచో మహిళా సంఘం నుంచో ఒకరి పేరు మీద అడిగితే అర్హత గురించి ప్రశ్న రాదు.

దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటే ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసరును కలవండి. ఇంటింటి సర్వే, మ్యాపు గీయడం, కంప్యూటర్ టైపింగు పిల్లలు ఇష్టంగా చేస్తారు. రిటైరైన టీచర్లు, వీఆర్వోలు ఊరికి దొరికే గొప్ప వనరు, ఎవరూ అడగరు కాబట్టి ఖాళీగా ఉంటారు. ఉద్యోగానికి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఊరి పిల్లలు డబ్బు పంపిస్తామంటారు. డబ్బు కంటే, వెబ్‌సైట్లలో మినిట్స్ వెతకడం, శాటిలైట్ మ్యాపులో గని సరిహద్దు నుంచి ఊరికి దూరం కొలవడం వాళ్లకు అప్పజెప్పండి.

ఇక "మేం చేయించి పెడతాం" అని ఇంటికొచ్చేవాళ్ల సంగతి. డీఎంఎఫ్‌టీకి ప్రతిపాదన ఇవ్వడానికి ఫీజు లేదు. మంజూరులో ఇంత శాతం అని అడిగేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి. ఇంకో రకం ఉంది: రూపాయి తీసుకోకుండా ప్రతిపాదన రాసిపెట్టే కాంట్రాక్టర్. మాట తియ్యగా ఉంటుంది, ఏఈతో పరిచయం కూడా ఉంటుంది. అయితే అతను రాసే ప్రతిపాదనలో మీ నీళ్ల సమస్య కాస్తా ప్రహరీ గోడ అయిపోతుంది. కంపెనీ మనుషులు వచ్చి "డీఎంఎఫ్ ఎందుకు, సీఎస్ఆర్‌లో చేస్తాం" అన్నా జాగ్రత్త. సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత సొమ్ము, ఎక్కడ ఖర్చు పెట్టాలో కంపెనీయే తేలుస్తుంది, డీఎంఎఫ్ గని ప్రభావిత ఊళ్ల కోసమే చట్టం పెట్టిన నిధి. ఇస్తే తీసుకోండి, దీన్ని మాత్రం వదులుకోకండి.

అర్జీ ఇచ్చే రోజు

అర్జీ ఒకటిన్నర పేజీ మించొద్దు. మొదటి పేరాలో ఊరు, గని, దూరం. రెండో పేరాలో నష్టం, అంకెలతో. మూడో పేరాలో అడిగే పని, ఎస్టిమేటు మొత్తం, చేయాల్సిన శాఖ. నాలుగో పేరాలో 70 శాతం నిబంధన, ఆర్టీఐలో తేలిన మీ మండలం లెక్క. తీర్మానం, ఎస్టిమేటు, పరీక్షల రిపోర్టులు, ఫొటోలు జత చేసి, ప్రతి పేజీకీ నంబరు వేయండి.

ట్రస్టు పాలక మండలికీ నిర్వహణ కమిటీకీ జిల్లా కలెక్టరే అధ్యక్షత వహించాలని కేంద్రం 2021లో ఆదేశించింది. అందువల్ల అర్జీ కలెక్టర్ గారి పేరు మీదే ఉండాలి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఏపీలో సోమవారమే జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ నంబరు వేసి రసీదిస్తారు, తర్వాత వెంటపడటానికి ఆ నంబరే ఆధారం. మరో సెట్టు ఏడీ మైన్స్ ఆఫీసు ఇన్‌వర్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. పాలక మండలిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు సభ్యులు కాబట్టి వాళ్లకూ కాపీ ఇచ్చి సిఫారసు లేఖ అడగడంలో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే చాలా జిల్లాల్లో ఆ లేఖ ఉన్న ఫైలే ముందు కదులుతుంది. ఏ పార్టీవాళ్లయినా ఇద్దరి దగ్గరా తీసుకోండి.

సమయం కూడా చూసుకోవాలి. వార్షిక ప్రణాళిక ఆర్థిక సంవత్సరానికి ముందు తయారవుతుంది. జనవరి, ఫిబ్రవరి నాటికి మీ ఫైలు టేబుల్ మీద ఉంటే ఏప్రిల్ ప్రణాళికలో చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఎన్నికల కోడ్ వస్తే కొత్త మంజూర్లు ఆగిపోతాయి.

జవాబు రాకపోతే

రెండు నెలల్లో కదలిక లేకపోతే రసీదు నంబరుతో ఇంకో ఆర్టీఐ పెట్టండి: నా అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏమి రాశారో నోట్ ఫైలు ప్రతి ఇవ్వండి. ఈ ఒక్క ప్రశ్నకు మూలన పడ్డ ఫైళ్లు లేచి నడుస్తాయి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. "నిధులు లేవు" అంటే గని వారీ జమల లెక్క మీ దగ్గరే ఉంది. ట్రస్టు డబ్బును రాష్ట్ర ఖజానాకు మళ్లించకూడదని కేంద్రం స్పష్టంగా చెప్పింది, ఆ అనుమానముంటే ఆడిట్ రిపోర్టు అడగండి.

ఊరి పక్కన ఉన్నది గని కాకుండా రసాయన ఫ్యాక్టరీ అయితే డీఎంఎఫ్ వర్తించదు. అప్పుడు దారి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది ధర్మాసనం. నష్టపరిహారం కోసం ఐదేళ్లలోపు, మిగతా వివాదాలకు ఆరు నెలల్లోపు వెళ్లాలి. పరిహారం అడిగితే ఫీజు అడిగిన మొత్తంలో 1 శాతం, లేకపోతే వెయ్యి రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ఆన్‌లైన్లో వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, ఉన్నా మంచిదే, న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 2020 మేలో విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైనప్పుడు మరుసటి రోజే ఈ ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రధాన ధర్మాసనం కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. అలాగని ప్రతి కేసూ అంత వేగంగా నడవదు.

మంజూరైన తర్వాత

పరిపాలనా అనుమతి ఉత్తర్వు కాపీ తీసుకుని పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించండి. పని పేరు, మొత్తం, కాంట్రాక్టరు, గడువు అందరికీ కనబడాలి. గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరిని, ఊళ్లో మేస్త్రీ పని తెలిసిన ఒకరిని చూసుకోమని గ్రామసభలోనే పేర్లు రాయించండి. ఎస్టిమేటులో ఏ సైజు పైపు ఉందో, సిమెంటు పాలెంతో వాళ్ల చేతిలో కాపీ ఉండాలి. కొలతల పుస్తకం, అంటే ఎంబీ, రికార్డయ్యే రోజు వాళ్లు అక్కడే ఉండాలి.

నీటి శుద్ధి కేంద్రం అడిగినట్టయితే ఇంకో సంగతి చూసుకోవాలి. ప్లాంటు పెట్టడానికి ట్రస్టు డబ్బిస్తుంది, తర్వాత కరెంటు బిల్లు, ఏటా మార్చాల్సిన మెంబ్రేన్లు, ఆపరేటరు జీతం ఎవరివో తీర్మానంలో రాయకపోతే అది రెండో వేసవికే మూతపడుతుంది. క్యాను ధర ఎంత, వసూలు ఎవరు చేస్తారు, ఖాతా ఏ బ్యాంకులో, మరమ్మతు ఒప్పందం ఎన్నేళ్లు అన్నవి ఎస్టిమేటు దశలోనే ఏఈతో మాట్లాడి చేర్పించండి. మూడేళ్ల నిర్వహణ ఖర్చు కూడా ఎస్టిమేటులో కలపమని అడగండి, పని మంజూరయ్యాక విడిగా అడిగితే ఇచ్చేవాళ్లుండరు.